వేలంలో పాత నీలాల బ్రేస్‌లెట్: పాట పాడే ముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

"అక్కా, వేలంలో పాత బంగారు బ్రేస్‌లెట్ ఒకటి వచ్చింది. నీలాలు పొదిగారు, ఫొటోలో అదిరిపోయింది. పాడమంటారా?" అని ఫొటో పంపి అడిగేవాళ్ళు ఎంతమందో! ఫొటో చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఫొటోలో అన్ని నీలాలూ బాగానే ఉంటాయి. వస్తువు చేతిలోకి తీసుకుని చూడాలి, ఎలా చూడాలో తెలియాలి. అందుకే అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను.

నేను చెన్నైలో ఉంటాను కాబట్టి ఇక్కడి సంగతులే రాస్తాను. బెంగళూరు వాళ్ళు నేను షావుకారుపేట (ఇక్కడి నగల బజారు) అన్నచోటల్లా నగరత్‌పేట అని చదువుకోండి.

ముందే ఒక మాట. ఇలాంటి బ్రేస్‌లెట్‌లో రెండు వస్తువులుంటాయి. బంగారం మీరు లెక్క కట్టగలిగేది. నీలం మీరు లెక్క కట్టలేనిది. నా పద్ధతి ఏమిటంటే బంగారాన్ని గ్రాముల్లో లెక్కేస్తాను, రాయిని ల్యాబ్ కాగితం చూపించేదాకా ఫ్యాక్టరీలో చేసినదే అనుకుంటాను. ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. మొదటిసారి పాడిన బ్రేస్‌లెట్‌లో ఏడు నీలాలున్నాయి. ఏడింటికీ అసలు నీలం ధరే ఇచ్చాను. ఆ కథ కింద వస్తుంది.

కావలసినవి

- పది రెట్లు పెద్దగా చూపించే లూప్. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునేది కాదు, మడిచి జేబులో వేసుకునేది. ఇరవై, ముప్ఫై రెట్లు అని అమ్మేవి కొనకండి, వాటిలో చూపు నిలవదు.
- చిన్న పెన్ టార్చి, తెల్ల టిష్యూ కాగితం నాలుగు, ఒక తెల్ల ఎ4 కాగితం.
- మిల్లీమీటర్లు చూపించే కాలిపర్. ప్లాస్టిక్‌ది అయితే వస్తువు మీద గీత పడదు.
- దర్జీ టేపు, నోట్‌బుక్, ఫోన్‌లో కాలిక్యులేటర్.

త్రాసు అక్కర్లేదు, వేలం వాళ్ళ దగ్గర ఉంటుంది. గీటురాయి, ఆసిడ్ మాత్రం పట్టుకెళ్ళకండి. మీది కాని వస్తువు మీద ఎవరూ గీయనివ్వరు.

1. కేటలాగ్‌ని స్థలం దస్తావేజు చదివినట్టు చదవండి

"నీలం" అని రాశారా, "నీలి రంగు రాయి" అని రాశారా? రెండోది రాశారంటే రాయి ఏమిటో వాళ్ళు పూచీ పడటం లేదని అర్థం. "సుమారు 1940" అంటే ఆ కాలపు వస్తువని వాళ్ళ నమ్మకం. "1940ల శైలిలో" అంటే నిన్న చేసినదైనా కావచ్చు. "బరువులు సుమారు" అని ఉంటే రాళ్ళను విప్పి తూచలేదన్నమాట. అందులో తప్పేమీ లేదు, పాత వస్తువులో రాయి విప్పడం ప్రమాదం. కానీ ఆ అంకెని వేదవాక్కులా తీసుకోకండి.

తర్వాత చివరి పేజీల్లో చీమల్లాంటి అక్షరాల్లో ఉండే షరతులు. అందరూ దాటేసేది ఇక్కడే. పాట మొత్తం మీద కొనేవాళ్ళు అదనంగా ఇచ్చే ప్రీమియం ఎంత, దాని మీద జీఎస్టీ ఎంత, డబ్బు ఎన్ని రోజుల్లో కట్టాలి, రాయి నకిలీ అని తేలితే ఎన్ని రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి: ఈ నాలుగూ నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇంకొకటి. వస్తువు వందేళ్ళు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించకూడదు. "అమెరికాలో ఉన్న అమ్మాయికి పెళ్ళిరోజు కానుక" అనుకుని కొనేవాళ్ళు ఇది ముందే చూసుకోండి. అలాంటి వస్తువు పక్కన కేటలాగ్‌లో ఎగుమతికి వీల్లేదని రాసి ఉంటుంది. లేకపోతే మీరే అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

2. ప్రివ్యూకి పగటిపూట వెళ్ళండి

వేలానికి ముందు ఒకటి రెండు రోజులు వస్తువుల్ని చూడనిస్తారు. సాయంత్రం ఆఫీసు నుంచి అటే వెళ్దాంలే అనుకోకండి. హోటల్ హాల్లో పసుపు దీపాల కింద మంచి నీలం నల్లగా, నిస్తేజంగా కనిపిస్తుంది. తెల్లటి ఫోకస్ లైట్ల కింద గాజుముక్క కూడా మెరుస్తుంది. ఉదయం పదకొండు లోపల వెళ్ళి, "కిటికీ దగ్గర ఒకసారి చూడొచ్చా?" అని అడగండి. ట్రే పట్టుకుని ఒక మనిషి మీతో వస్తారు, అంతే. మొహమాటపడకండి. లక్షలు పెట్టబోయేది మీరు.

వెళ్ళలేకపోతే, ఆన్‌లైన్ వేలమైతే, మూడు ఫొటోలూ ఒక వీడియో అడగండి: లాక్ లోపలి వైపు, బ్రేస్‌లెట్ వెనక భాగం మొత్తం, రాళ్ళ వెనక నుంచి దీపం పెట్టి తీసినది. వీడియోలో దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాలి. వాళ్ళు ఇవ్వలేమంటే ఆ వస్తువు వదిలేయండి.

3. ముద్రలు వెతకండి

లాక్ నాలుక మీద, లాక్ పక్కనున్న మొదటి లింకు వెనక, సేఫ్టీ చెయిన్ కొక్కెం మీద చూడండి. 916 అంటే 22 క్యారెట్, 750 అంటే 18, 585 అంటే 14, 375 అంటే 9. 18 పక్కన కిరీటం ఉంటే బ్రిటన్‌ది. గద్ద తల చిన్నగా కొట్టి ఉంటే ఫ్రాన్స్ 18 క్యారెట్, ఆ ముద్ర 1838 నుంచీ ఉంది. 15 క్యారెట్ అని కనిపిస్తే కంగారు పడకండి, అది తప్పు ముద్ర కాదు. బ్రిటన్‌లో 1932 దాకా 15 క్యారెట్ నడిచింది. వస్తువు వయసుకి అదే ఒక ఆధారం.

మన దేశంలో చేసినదైతే? బంగారానికి బీఐఎస్ హాల్‌మార్క్ మొదలైందే 2000లో. ఒక్కో నగకీ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు, హెచ్‌యూఐడీ, వచ్చింది 2021లో. కాబట్టి 1950ల వస్తువు మీద హాల్‌మార్క్ లేదని పేచీ పెట్టడం అర్థం లేనిది. అసలు 1950ల వస్తువు అని చెప్పి దాని మీద హెచ్‌యూఐడీ కనిపిస్తేనే అడగాలి. ఈమధ్య మళ్ళీ పరీక్ష చేయించి కొట్టించారా, లేక వస్తువే కొత్తదా? ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కేడీఎం అని ఉంటే అది టంకానికి సంబంధించిన గుర్తు, స్వచ్ఛతకి హామీ కాదు. ఇంకో విషయం, 1963లో స్వర్ణ నియంత్రణ నిబంధనల కింద మన దేశంలో 14 క్యారెట్లు మించి నగలు చేయకూడదన్నారు. కొన్నేళ్ళు అలా నడిచింది. అందుకే ఆ కాలపు మన నగ 14 క్యారెట్లకి తేలితే "మోసం" అనేయకండి.

లాక్ మీద ముద్ర ఉంది కాబట్టి బ్రేస్‌లెట్ మొత్తం అదే అనుకోవడం అన్నిటికన్నా మామూలు తప్పు. లాక్ పోతే ఇంకో దాని లాక్ తెచ్చి అతికిస్తారు. లాక్ రంగు, లింకుల రంగు తెల్ల కాగితం మీద పెట్టి పోల్చండి. ఒకటి ఎర్రగా, ఇంకోటి పచ్చగా ఉంటే రెండూ ఒక తల్లి బిడ్డలు కావు.

4. తూచండి, తీసేయండి, హెచ్చించండి

మీ ఎదురుగా తూయమనండి. ఉదాహరణకి 24.60 గ్రాములు వచ్చిందనుకుందాం. చెన్నై లెక్కలో మూడు సవరన్ల పైచిలుకు (సవరన్ అంటే 8 గ్రాములు). ఇందులో రాళ్ళ బరువు తీసేయాలి.

గుండ్రటి నీలం బరువు విప్పకుండానే సుమారుగా కట్టొచ్చు. వ్యాసం × వ్యాసం × లోతు × 4 × 0.0018. కొలతలు మిల్లీమీటర్లలో, జవాబు క్యారెట్లలో. ఆ 4 ఏమిటంటే నీలం సాంద్రత. లోతు కొలవడం కుదరకపోతే వ్యాసంలో అరవై శాతం అనుకోండి. 5 మిల్లీమీటర్ల రాయి, 3 లోతు అయితే 5 × 5 × 3 × 4 × 0.0018 = 0.54 క్యారెట్. ఇలాంటివి ఏడు ఉంటే 3.78 క్యారెట్లు. రాళ్ళ తూకంలో క్యారెట్ అంటే 0.2 గ్రాము (బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ వేరు) కాబట్టి మొత్తం 0.76 గ్రాము.

24.60 లోంచి 0.76 తీసేస్తే 23.84. 18 క్యారెట్ అంటే అందులో 75 శాతం బంగారం, 17.88 గ్రాములు. దీన్ని ఆ రోజు 24 క్యారెట్ గ్రాము ధరతో హెచ్చించండి. ఎంత వచ్చిందో నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసి చుట్టూ గీత గీయండి. అమ్మబోతే కొట్టువాడు కరిగింపు, తరుగు అని ఇందులోంచి కూడా కొంత కోస్తాడు. కానీ మీ కాళ్ళ కింద నేల ఇదే.

ఒక హెచ్చరిక: మన పాత పనితనంలో, ముఖ్యంగా వెనక మూసేసి రాయి పొదిగిన వాటిలో, లోపల లక్క ఉంటుంది. త్రాసుకి లక్కా బంగారమూ ఒకటే. చూడటానికి లావుగా ఉండి, బల్ల మీద మెల్లగా పెడితే మొద్దు శబ్దం వస్తే లక్క ఉందేమో అడగండి. దానికి పై లెక్క పనికిరాదు.

5. ఇప్పుడు రాళ్ళు. తొందర పడకండి.

లూప్ పట్టుకోవడం ముందు నేర్చుకోండి. చాలామంది షెర్లాక్ హోమ్స్‌లా వస్తువుకి అడుగు దూరంలో పట్టుకుంటారు, అలా ఏమీ కనిపించదు. లూప్‌ని కంటికి దాదాపు ఆనించి, రాయిని దాని దగ్గరికి రెండున్నర సెంటీమీటర్ల దాకా తేవాలి. లూప్ పట్టిన చెయ్యి చెంపకి ఆనాలి, వస్తువు పట్టిన చెయ్యి ఆ చేతికి ఆనాలి. రెండు కళ్ళూ తెరిచే ఉంచండి. ఇంట్లో ఉన్న ఉంగరం మీద రెండు రోజులు సాధన చేస్తే వచ్చేస్తుంది.

మొదట పైనుంచి చూడండి. నీలం చాలా గట్టి రాయి, మోస్ కొలతలో 9. నగల్లో వాడే సహజ రాళ్ళలో దాని పైన వజ్రమే. కాబట్టి పలకల అంచులు పదునుగా ఉండాలి. అంచులన్నీ సబ్బుబిళ్ళలా అరిగి, గుండ్రబడి, పైన గీతలుంటే గాజు అనుమానించండి. అంచులు పదునుగా ఉన్నాయంటే గాజు కాకపోవచ్చు, అంతే. అసలు నీలమని కాదు. ఎందుకంటే ఫ్యాక్టరీ నీలం కూడా నీలమే. అదే అల్యూమినియం ఆక్సైడ్, అదే గట్టిదనం, అదే బరువు.

"పాత నగ కదా, ఆ రోజుల్లో ఫ్యాక్టరీ రాళ్ళెక్కడివి?" అంటారు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఫ్రాన్స్‌లో వెర్నయ్ అనే రసాయన శాస్త్రవేత్త మంటలో పొడి కరిగించి కెంపులు చేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. నీలాలు 1910 ప్రాంతంలో వచ్చాయి. 1920లు, 30ల నాటి మంచి మంచి నగల్లో, వజ్రాల పక్కనే, ఈ రాళ్ళు వాడారు. అప్పట్లో అదో కొత్త వింత. అంటే వస్తువు నూటికి నూరుపాళ్ళు ఆ కాలానిదే కావచ్చు, రాయి ఫ్యాక్టరీదే కావచ్చు. వస్తువు పాతదనం రాయికి సాక్ష్యం చెప్పదు.

నా బ్రేస్‌లెట్ తెచ్చుకుని, లాక్ వదులుగా ఉందని షావుకారుపేటలో మా ఆచారిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన లాక్ సంగతి వదిలేసి రాళ్ళు చూశారు. టార్చి మీద టిష్యూ కాగితం కప్పి, రాయి వెనక పెట్టి, మెల్లగా తిప్పారు. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత లూప్ నా చేతికిచ్చి, "నువ్వే చూడమ్మా, కుండ మీద సారె గీతలు కనిపిస్తాయి" అన్నారు. కనిపించాయి. లేత నీలం, ముదురు నీలం, వంపు తిరిగిన చారలు, ఒకదాని వెనక ఒకటి, అచ్చం కుమ్మరి సారె మీద కుండ తిరిగినప్పుడు పడే వలయాల్లా. ఒకచోట చిన్న గాలిబుడగ కూడా. ఏడు రాళ్ళలో ఐదింటికి ఇదే. మిగతా రెండింటిలో అసలు ఏ గుర్తూ లేదు, నీళ్ళంత నిర్మలం. అదీ మంచి లక్షణం కాదు.

మీరూ అలాగే చూడండి. టిష్యూ తప్పనిసరి. వట్టి టార్చి వెలుగు కళ్ళలో కొడుతుంది తప్ప చారలు చూపించదు. రాయిని అన్ని కోణాల్లో తిప్పండి, ఒక కోణంలో మాత్రమే కనిపించొచ్చు.

- వంపు తిరిగిన రంగు చారలు ఉంటే ఫ్యాక్టరీ రాయి. ఇందులో వాదన లేదు.
- రంగు పట్టీలు తిన్నగా ఉండి, మూలల దగ్గర తేనెపట్టు గది గోడల్లా విరిగితే సహజమైన రాయి అయ్యే అవకాశం ఎక్కువ.
- పట్టుదారం పోగుల్లా సన్నని సూదులు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటే, లేదా వేలిముద్రలాంటి మరక ఉంటే ఇంకా మంచి గుర్తు.
- లోపల ఏమీ లేదు, ఏడు రాళ్ళూ అచ్చు గుద్దినట్టు ఒకే రంగు. అయితే సంతోషించకండి, అనుమానించండి.
- పైభాగం మెరుపు ఒకలా, కింది భాగం మెరుపు ఒకలా ఉండి, పక్కనుంచి చూస్తే అతుకు గీత కనిపిస్తే అది రెండు ముక్కలు అతికించిన రాయి.
- పగుళ్ళ వల మీద నీలి తళుకు, పగుళ్ళలో బుడగలు కనిపిస్తే రంగు గాజు నింపిన చవక రాయి. పాత నగలో ఊడిపోయిన రాయి స్థానంలో ఈమధ్య పెట్టి ఉంటారు.

శ్రీలంక నీలాల్లో ఒక చమత్కారం ఉంటుంది. పైనుంచి నిండు నీలం, పక్కకి వంచితే సగం తెల్లగా. రంగంతా అడుగు మొన దగ్గర ఉండేలా సానబట్టారన్నమాట. ఇది మోసం కాదు, సానబట్టినవాడి తెలివి. కానీ రంగు తక్కువ రాయి కాబట్టి ధర ఆ లెక్కలో ఉండాలి.

రాయి వెనక మూసేసి ఉంటే? దీపం వెనకనుంచి వెళ్ళదు. అడుగున మెరుపు రేకు వేసి ఉండొచ్చు, పలచటి రంగు పూసి ఉండొచ్చు. అలాంటప్పుడు నేను రాళ్ళ విలువ సున్నా వేస్తాను.

చివరగా వరసంతా తెల్ల కాగితం మీద పరిచి కిటికీ వెలుగులో చూడండి. ఒకటి కాస్త ఊదా వైపు, ఒకటి కాస్త పచ్చ వైపు తేడాగా కనిపిస్తే దాన్ని తర్వాత మార్చి ఉండొచ్చు. ఒక్కటి మారితే పెద్ద లోపం కాదు, బేరంలో పనికొస్తుంది.

6. పనితనం, మరమ్మతులు

బ్రేస్‌లెట్‌ని ఒక చివర పట్టుకుని, పక్క అంచు పైకి వచ్చేలా అడ్డంగా చాచి చూడండి. మంచి స్థితిలో ఉన్నది కాస్త వంగుతుంది. తాడులా వేలాడిపోతే లింకుల లోపలి శీలలు అరిగాయి. రాయిని పట్టుకున్న గోళ్ళ మొనలు లూప్‌లో చూడండి, కాగితంలా పలచబడితే మొదటి వారమే రాయి రాలుతుంది. వెనకవైపు బూడిద రంగు మచ్చలుంటే ఎవరో సీసం టంకం వేశారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. దాని మీద మంట పెడితే సీసం బంగారాన్ని తినేస్తుంది, ముందు మొత్తం గీకి తీయాలి. ఆచారిగారు ఇలాంటివి చూస్తే వస్తువు తిరిగి ఇచ్చేస్తారు.

లాక్ పదిసార్లు వేసి తీయండి. లోపలి చుట్టుకొలత టేపుతో కొలవండి. పాత బ్రేస్‌లెట్లు చాలావాటికి ఎప్పుడో ఒకటి రెండు లింకులు తీసేసి ఉంటారు. మీ చేతికి చాలకపోతే జతయ్యే లింకు చేయించడానికి తిప్పలు పడతారు.

7. కాగితాలు

ల్యాబ్ రిపోర్టు ఉంటే నంబరు ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి, ఫొటోలో ఉన్నది ఇదే వస్తువా అని చూడండి. మూడు విషయాలు వెతకండి: సహజమా కృత్రిమమా, వేడి చేశారా లేదా, ఎక్కడి రాయి. వేడి చేయడం తప్పు కాదు, నీలాల్లో ఎక్కువ భాగం వేడి చేసినవే. కానీ వేడి చేయని రాయికి ధర చాలా ఎక్కువ. రిపోర్టు లేకుండా "కాశ్మీర్ నీలం" అని నోటిమాటగా అంటే నవ్వి ఊరుకోండి. కాశ్మీర్ గనులు 1880లలో కొన్నేళ్ళు మాత్రమే మంచి రాళ్ళిచ్చాయి. అలాంటి రాయి కాగితం లేకుండా వేలానికి రాదు.

రిపోర్టు తేదీ కూడా ముఖ్యం. పాతికేళ్ళ నాటిదైతే ఆ తర్వాత వచ్చిన రంగు ఎక్కించే పద్ధతుల్ని అది పరీక్షించి ఉండదు.

8. పై హద్దు వేసుకోండి

నోట్‌బుక్‌లో గీత గీసిన అంకె ఉంది కదా, బంగారం విలువ. దానికి పనితనం కోసం, అందం కోసం మీరు మనస్ఫూర్తిగా ఇవ్వదలచుకున్నది కలపండి. రాయికి రిపోర్టు ఉంటేనే రాయి విలువ కలపండి. వచ్చింది మీ జేబులోంచి పోయే మొత్తం. ఇది పాట కాదు! పాట ఇంకా తక్కువ ఉండాలి.

పాట 3,00,000 దగ్గర ఆగిందనుకుందాం. ప్రీమియం 20 శాతం అయితే 60,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 10,800. నగ మీద 3 శాతం, 9,000. మొత్తం 3,79,800. సంస్థని బట్టి శాతాలు మారతాయి, మీ నోట్‌బుక్‌లో రాసుకున్నవి వేసుకోండి. ఈ లెక్క ప్రకారమైతే మీ మొత్తాన్ని 1.27తో భాగిస్తే పాట హద్దు వస్తుంది. నాలుగు లక్షలు ఉంటే 3,15,000 దగ్గర ఆగాలి.

రెండు లక్షలు దాటితే పాన్ అడుగుతారు, నగదు తీసుకోరు. ముందే బ్యాంకు బదిలీ పరిమితి పెంచుకోండి. గెలిచాక ఓటీపీ రాక టెన్షన్ పడినవాళ్ళని చూశాను.

ఇక్కడే ఇంట్లో వాళ్ళతో ఇంకో మాట కూడా తేల్చుకోండి. నీలం శనికి సంబంధించిందని, అందరికీ పడదని మనవాళ్ళకి పట్టింపు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ డబ్బు కట్టాక అత్తగారు "ఇంట్లోకి తేవద్దు" అంటే వేలం వాళ్ళు వెనక్కి తీసుకోరు. మా పిన్ని ఒకావిడ ఫ్యాక్టరీ రాయి అని తేలాక, "అయితే శని లేదులే" అని హాయిగా పెట్టుకుంది.

9. పాట రోజు

హద్దు అంకెని చేతి మీదైనా రాసుకోండి. హాల్లో ఎదురుగా ఎవరో చెయ్యెత్తుతుంటే "ఇంకొక్కటే" అనిపిస్తుంది. ఆ ఒక్కటి ఐదు, పది, ఇరవై వేల మెట్లు. మీ మీద మీకు నమ్మకం లేకపోతే ముందే రాతపూర్వకంగా గరిష్ఠ పాట ఇచ్చేసి ఇంట్లో ఉండండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను. మొదటి పాట మీరు పాడాల్సిన పని లేదు. వేగం తగ్గాక, ఇద్దరే మిగిలినప్పుడు దిగినా ఆలస్యం కాదు. తగిలితే తగిలింది, పోతే వచ్చే వేలంలో ఇంకోటి వస్తుంది.

10. చేతికి వచ్చాక సరిచూసుకోవడం

అక్కడే మళ్ళీ తూయించి, ప్రివ్యూలో రాసుకున్న బరువుతో పోల్చండి. రాళ్ళు లెక్కపెట్టండి. తర్వాత మూడు పరీక్షలు, షరతుల్లో ఉన్న గడువు లోపల:

ఒకటి, కొట్లో క్యారెట్ మీటర్. లాక్, మధ్య లింకు, చివరి లింకు, మూడు చోట్ల చూడమనండి. ఇది పైపొరనే చదువుతుంది, మందంగా పూత ఉంటే మోసపోతుంది. రెండు, అందుకే ఆచారి దగ్గర గీటురాయి మీద కనపడని చోట ఒక చిన్న గీత. రెండూ కలిస్తే నిశ్చింత. మూడు, రాళ్ళకి జెమ్ ల్యాబ్. పొదిగిన రాళ్ళకి కూడా రిపోర్టు ఇస్తారు, "పొదుగు అనుమతించినంతవరకు" అని రాస్తారు, అది మామూలే. నేను మొదటిసారి ఆచారిగారి దగ్గరికి వెళ్ళేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది. కేటలాగ్‌లో "నీలాలు" అనే రాసి ఉన్నా ఏమీ చేయలేకపోయాను.

మరమ్మతుకి ఇస్తే ఆచారికి ముందే చెప్పాల్సింది: రాళ్ళు ఉండగా మంట పెట్టవద్దు, టంకం వేసేటప్పుడు వాడే వెలిగారం రాయికి తగలనివ్వద్దు. వేడిలో వెలిగారం నీలం పైపలకని తినేస్తుంది, మళ్ళీ సానబట్టాల్సి వస్తుంది. గాజు నింపిన రాయి అయితే ఆసిడ్‌లో ముంచితే అంతే సంగతులు.

కడగడానికి కుంకుడుకాయ నురుగు, గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి పాత టూత్‌బ్రష్ చాలు. వెనక మూసిన పొదుగు అయితే నీళ్ళే వద్దు, పొడి గుడ్డతో తుడవండి. అల్ట్రాసోనిక్ మిషన్‌లో వేస్తామంటే, రిపోర్టు చూడకుండా ఒప్పుకోకండి.

పెట్టుకునేటప్పుడు లాక్ "టిక్" అనాలి. ఆ శబ్దం రాని రోజున సేఫ్టీ చెయిన్ ఉంది కదా అని బయటికి వెళ్ళకండి. నాలుక వంగి ఉంటుంది, ఆచారికి పది నిమిషాల పని.